ఆగి పేరు చెబితేనే హాజరు

శ్రీశైలం పోయొచ్చామని ఎవరు చెప్పినా మా ఆవిడ అడిగే మొదటి మాట ఒకటే. "సాక్షి గణపతి కాడ దిగిన్రా, బండిలకెంచే మొక్కిన్రా?" ఈ మధ్య చాలామంది నసుగుతున్నారు. ట్రాఫిక్ ఉండెనంటారు, బండి పెట్టే జాగా దొరకలేదంటారు, పిల్లలు నిద్రపోయారంటారు, తిరిగొచ్చేటప్పుడు దిగుదామనుకుని మరిచిపోయామంటారు. మొన్న మా కాలనీ కుర్రాడొకడు వీళ్లందరినీ దాటేశాడు. కారు ఆపకుండా పోతూ పోతూ డ్యాష్‌బోర్డు కెమెరాలో పడిన గణపతి గుడిని ఫోన్లో తీసి చూపించి, "రికార్డయిపోయింది అత్తమ్మా" అన్నాడు. "నీ కాడ రికార్డయితే ఏం ఫాయిద బిడ్డా, ఆయన కాడ గావాలె గానీ" అందామె.

ఆ మాటను నేను నవ్వి వదిలెయ్యలేకపోయాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు శ్రీశైలం సర్వీసు ఎక్కాను. కాగితం మీదికి ఎక్కిందే లెక్క, ఎక్కనిది జరగనట్టే. మా ఉద్యోగమంతా ఆ నియమం మీదే నడిచింది. టికెట్లిచ్చే టిమ్స్ మిషన్లు రాకముందు ఒక్కో స్టేజీ దాటగానే ఏ కట్టలో ఏ నంబరు దాకా టికెట్లు తెగాయో ఎస్సార్ కాగితంలో రాయాలి. బస్సు ఊగుతుంటే ట్రే మీద కాగితం ఆనించి, పెన్ను జారకుండా పట్టుకుని రాయాలి. చెకింగు వాళ్లు ఎక్కితే ముందు చెయ్యి చాచేది ఆ కాగితం కోసమే. దారి పక్కన పుస్తకం, కలం పట్టుకుని కూర్చున్న ఆ దేవుణ్ని చూసినప్పుడల్లా మా డిపో మనిషే అనిపించేవాడు.

చూడనివాళ్ల కోసం చెబుతాను. శ్రీశైలం గుడికి రెండు కిలోమీటర్లు ఇవతల, ఘాట్ రోడ్డు పక్కనే ఉంటుంది సాక్షి గణపతి ఆలయం. స్వామి కుడిచేతిలో కలం, ఎడమచేతిలో పుస్తకం. వచ్చిన ప్రతి యాత్రికుడి పేరూ రాసుకుంటాడని, రేపు కైలాసంలో మల్లన్న ముందు 'ఈయన వచ్చాడు' అని సాక్ష్యం చెబుతాడని నమ్మకం. అందుకే జనం అక్కడ గోత్రనామాలు చెప్పుకుంటారు. గోత్రం తెలియనివాళ్లు ఇంటిపేరు, ఊరిపేరు చెబుతారు. కొందరు పోయేటప్పుడు దిగుతారు, కొందరు దర్శనమయ్యాక వచ్చేటప్పుడు దిగుతారు. ఏది పద్ధతి అన్నదాని మీద మా బస్సుల్లో జరిగినన్ని వాదులాటలు కిటికీ సీటు కోసం కూడా జరగలేదు.

మా హయత్‌నగర్ మీదుగా విజయవాడ పోయే హైవేలో, పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం ఉంది. 2003లో నిలబెట్టారు. ఇటు ఔటర్ పట్టుకుని శంషాబాద్ వైపు పోతే ముచ్చింతల్‌లో 2022లో ప్రారంభించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం. రెండూ దూరం నుంచే కనిపిస్తాయి. వంద స్పీడులో పోతున్నవాడు కూడా అద్దంలోంచి దండం పెట్టుకోగలడు. సాక్షి గణపతి అట్లా దొరకడు. బండి ఆపాలి, దిగాలి, చెప్పులు విప్పాలి, లోపలికి నాలుగడుగులు వెయ్యాలి, నోరు తెరిచి పేరు చెప్పాలి. ఇంత చిన్న గుడి ఇంత పెద్ద పేరు తెచ్చుకున్నది ఆ ఆపడం వల్లనే అని నేననుకుంటాను. ఇప్పుడు ఆ ఆపడమే పోతోంది.

మా వైపు నుంచి శ్రీశైలం పోవడం ఈ రోజుల్లో చాలా తేలిక. నా సర్వీసు రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ వాళ్లంతా సంచులు మోసుకుని ఎంజీబీఎస్‌కు వచ్చి ఎక్కేవారు. ఇప్పుడు కారున్నవాడు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కుతాడు, తుక్కుగూడ దగ్గర దిగుతాడు, నేరుగా శ్రీశైలం హైవే మీద పడతాడు. కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి. డిండి చెరువు కట్ట దగ్గర చాయ్ తాగితే తాగుతాడు, లేకపోతే లేదు. హాజీపూర్ చౌరస్తా దాటితే ఎడమా కుడీ గుట్టలు మొదలవుతాయి. అక్కడికి దగ్గర్లోనే కొండ చరియ కింద ఉమామహేశ్వరం. శ్రీశైలానికి నాలుగు వాకిళ్లంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. పాతకాలంలో వాకిలి దగ్గర ఆగకుండా ఇంట్లోకి పోయినవాడు లేడు. ఇప్పుడు ఆ వైపు మళ్లే కార్లు తక్కువ.

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అసలు దారి. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అడవి అది. ఎండాకాలంలో ఆకు రాలి, చెట్ల మధ్య నుంచి అవతలి గుట్ట దాకా చూపు పోతుంది. తొలకరి పడ్డ రెండు వారాలకు అదే చోట పది గజాల అవతల ఏముందో తెలియదు. ఫరహాబాద్ దగ్గర చల్లగాలి తగలగానే బస్సులో కబుర్లు ఆగిపోయేవి. వటువర్లపల్లిలో చాయ్. దోమలపెంట దాటాక దారి వంకరలు తిరుగుతూ కృష్ణ వైపు దిగుతుంది. ఒక మలుపులో ఒక్కసారిగా డ్యాం కనిపించేది, బస్సంతా ఒక వైపుకి ఒరిగేది. పన్నెండు గేట్లలో ఎన్ని ఎత్తారో లెక్కపెట్టేవాళ్లు. డ్రైవరన్న 'అందరూ ఇటే వస్తే బండి అటు పోతది' అని కేకలేసేవాడు. వంతెన దాటి అవతలి ఒడ్డుకెళితే ఆంధ్రప్రదేశ్. లింగాలగట్టు చేపల వేపుడు వాసన, సున్నిపెంట క్వార్టర్లు, మళ్లీ ఘాటు. శిఖరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరాన్ని వెతుక్కుంటారు. ఆ తర్వాత హఠకేశ్వరం, పాలధార పంచధార. ఇన్ని ఉన్నా, ఇవన్నీ మనం చూసేవి. మనల్ని చూసేవాడు ఆ దారిలో సాక్షి గణపతి ఒక్కడే.

మా సర్వీసులో అక్కడ అధికారికంగా హాల్టు లేదు. డ్రైవరు మంచివాడైతే ఆపేవాడు, టైము మీద ఉంటే ఆపేవాడు. ఆపకపోతే వెనక నుంచి ఆడవాళ్ల గొంతులు లేచేవి. నాకు ఎన్నోసార్లు ఆపమని సింగిల్ బెల్ కొట్టక తప్పేది కాదు. ఒక శ్రావణమాసంలో చౌటుప్పల్ వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకామె బస్సు ఆగగానే దిగి, గణపతి ముందు నిలబడి వరసగా పేర్లు చదవడం మొదలుపెట్టింది. మంచం పట్టిన మొగుడి పేరు, దుబాయ్‌లో ఉన్న కొడుకు పేరు, కోడలి పేరు, ఇంకా నామకరణం కాని మనవరాలిని 'చిన్నపిల్ల' అని, పక్కింటివాళ్ల పేర్లు కూడా. ఆఖర్న నా వైపు తిరిగింది. "బిడ్డా, నీ పేరేంది? డ్యూటీల ఉన్నోళ్లు చెప్పుకోరు గదా, నేనే చెప్త." చెప్పాను. డ్రైవరన్న పేరు కూడా అడిగి చెప్పింది. ఆ రోజు బస్సు ఎనిమిది నిమిషాలు లేటు. డిపోలో ఎవరూ అడగలేదు.

ఆ మనిషి ఇంట్లో కూర్చుని ఆ పేర్లన్నీ తలుచుకోలేదా? తలుచుకుంటుంది. కానీ బస్సు ఆగింది కాబట్టి పైకి చెప్పింది. ఈ తేడా ఎరిగినవాళ్లే ఆ చోట సాక్షిని పెట్టి ఉంటారు.

అసలు సాక్షి ఎందుకు కావలసి వచ్చిందో ఆలోచించండి. నల్లమలకు మోటారు దారి వచ్చింది నిన్నగాక మొన్న. అంతకుముందు శ్రీశైలం పోవడమంటే ప్రాణాలు అరచేత పెట్టుకుని అడవిలో నడవడం. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి పాతాళగంగ నుంచి కొండపైకి మెట్లు కట్టించాడు. రాజు చేయించిన గొప్ప పనుల్లో ఆ మెట్లను శాసనాల్లో చెప్పుకున్నారంటే యాత్రికుల కాళ్ల బాధ ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కాలిదారి ఇప్పటికీ ఉంది. శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు ఆ దారిన నడిచి వస్తారు. కన్నడం వాళ్లు మల్లయ్యను తమ అల్లుడంటారు, చెంచులు తమ పిల్లను చేసుకున్నవాడంటారు. పుట్టింటివాళ్లు నడుచుకుంటూ రావడంలో వింతేముంది?

అట్లా రోజుల తరబడి నడిచి, పులికీ పాముకీ జ్వరానికీ తప్పించుకుని వచ్చినవాడికి, తాను వచ్చానని ఇంకొకరు ఒప్పుకోవాలనిపిస్తుంది. ఇంటికి చేరతానో లేదో తెలియనివాడికి అది మరీ అవసరం. చేరకపోయినా ఎక్కడో ఒక పుస్తకంలో పేరుంటుంది. స్పెయిన్ దేశంలో శాంటియాగో యాత్ర చేసేవాళ్లు ఇలాంటి పుస్తకమే తమ సంచిలో పెట్టుకుని తిరుగుతారు. దారిలో ప్రతి సత్రంలో, చర్చిలో దాని మీద ముద్ర వేయించుకుంటారు. కనీసం చివరి 100 కిలోమీటర్లు నడిచినట్టు ముద్రలు చూపిస్తేనే అక్కడ ధ్రువపత్రం ఇస్తారు. కారులో పోయినవాడికి చర్చిలో దండం పెట్టుకోనిస్తారు, కాగితం మాత్రం ఇవ్వరు. మన గణపతి అంత కఠినుడు కాదు. నడవమనడు, దిగమంటాడు అంతే.

మాది మజిలీ ఊరు కాబట్టి కూడా నాకు ఈ విషయం పట్టిందేమో. హయత్‌నగర్ అన్న పేరు హయత్ బక్షీ బేగం నుంచి వచ్చింది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ మసీదు కట్టించారు. దాని చుట్టూ బాటసారుల కోసం వరసగా గదులతో సరాయి కట్టారు. దగ్గర్లోనే ఏనుగులకు కూడా నీళ్లు తోడే పెద్ద బావి, హాథీ బావి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాటలో మొదటి రాత్రి ఇక్కడ దిగేవారు. ఊరు పుట్టిందే ఆగడానికి. ఇప్పుడు మా ఊరి మీదుగా విజయవాడ పోయే వేలాది మందిలో మసీదు గోడ వైపు తల తిప్పేవాడు ఎవడు? రోడ్డు వెడల్పయిన కొద్దీ ఊరు సన్నబడింది. ఆ రోడ్డు మీద అవతలి పక్కకు దాటడానికి మా మనవడు పడే తిప్పలు మా తాత ఏనుగుల కాలంలో పడి ఉండడు.

ఎల్బీనగర్ చౌరస్తాలోనూ అంతే. అక్కడ శ్రీకాంతాచారి విగ్రహం ఉంది. 2009 నవంబరు 29న ఆ చౌరస్తాలోనే ఆ కుర్రాడు తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు. నాలుగు రోజులకు చనిపోయాడు. ఆ చౌరస్తాలో ఇప్పుడు పైన ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాస్‌లు. సిగ్నల్ బాధ తప్పింది, నేనూ సంతోషించాను. కానీ ఏడాదికోసారి దండలు వేసే నాయకులు తప్ప ఆ విగ్రహం దగ్గర ఒక్క నిమిషం నిలబడేవాళ్లు నాకు కనిపించరు. నిలబడాలన్నా దారి లేదు. తప్పు జనానిదని నేననను. ఆగడానికి వీల్లేకుండా కట్టిన చోట ఎవరు మాత్రం ఆగుతారు?

ఇప్పుడు నల్లమలలోనూ అలాంటి ఆలోచనే నడుస్తోంది. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ కావాలని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని అడిగింది. అంచనా ఏడు వేల కోట్లకు పైనే. ఇప్పుడు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గేట్లు మూసేస్తున్నారు. కారిడార్ వస్తే రాత్రీ పగలూ పోవచ్చని, కింద జంతువులు వాటి దారిన అవి తిరుగుతాయని చెబుతున్నారు. ఆ రెండో మాట కొట్టిపారేయదగ్గది కాదు. నాగ్‌పూర్ అవతల పెంచ్ అడవిలో 44వ నంబరు జాతీయ రహదారిని కొన్ని చోట్ల పైకెత్తి కట్టారు. ఆ కింద నుంచి పులులు నడిచిపోతున్న ఫొటోలు కెమెరాలకు చిక్కాయి. అడవికి మేలు జరిగితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. మా వనస్థలిపురం పక్క హరిణ వనస్థలి జింకలు హైవే హారన్ల మధ్య ఎట్లా బతుకుతున్నాయో రోజూ చూస్తున్నవాణ్ని.

నా భయం ఇంకోటి. 'గంటన్నర మిగులుతుంది' అన్న మాట ఒక్కటే పట్టుకుని ఆ రోడ్డు కట్టేస్తారేమోనని. గంటన్నర మిగిల్చుకుని ఏం చేస్తారు? నేను చూసిన యాత్రికుల్లో మిగిలిన టైమంతా క్యూలో నిలబడినవాళ్లే ఎక్కువ. పొద్దున బయల్దేరి, దర్శనం చేసుకుని, గేటు పడేలోపు మన్ననూరు దాటాలన్న పంతంతో సాయంత్రం ఘాట్‌లో కార్లు కొట్టే పరుగులు చూస్తే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఎదురుగా పోలీసు ఉంటే స్పీడు తగ్గుతుంది, కోతి ఉంటే అరటిపండు విసురుతారు, గణపతి ఉంటే హారన్ కొడతారు. ఒకే రోజులో పోయి రావాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. శ్రీశైలంలో సత్రాలున్నాయి. రాత్రి నిద్ర చేస్తే పుణ్యమని మన పెద్దలే చెప్పారు. గేటు మూసే టైము మనకు శత్రువు కాదు, రాత్రి అక్కడే ఉండమని చెప్పే మాట.

కోతుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆగమన్నాను గదా అని బండి ఎక్కడపడితే అక్కడ ఆపి, బిస్కెట్ పొట్లాలు విప్పమని కాదు. అడవి మధ్యలో ఆపి మేత పెట్టడం వల్లే అవి రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడుతున్నాయి. పెట్టినవాడు పుణ్యం మూటగట్టుకున్నాననుకుని పోతాడు, వెనకొచ్చే లారీ వాడికి పాపం అంటగడతాడు. ఆగాల్సిన చోట ఆగు, ఆగకూడని చోట కదులు. బస్సులో ఈ మాట ఎన్ని వేలసార్లు అరిచానో.

ఆ దారి మీద ఆగి తలుచుకోవాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ల నుంచి పనికొచ్చినవాళ్లు. నెలల తరబడి వెతికితే ఇద్దరి మృతదేహాలే బయటికొచ్చాయి. వీళ్లు శ్రీశైలం యాత్రకని వచ్చినవాళ్లు కాదు. శ్రీశైలం నీళ్లు నల్లగొండ వైపు మళ్లించడానికని వచ్చినవాళ్లు. ఆ నీళ్లు ఎవరికోసమో మా నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల వాళ్లకు చెప్పనవసరం లేదు. ఆ ఎనిమిది మంది పేర్లతో దోమలపెంటలో రోడ్డు పక్కన ఒక రాయి నిలబెట్టమని నేను అడుగుతున్నాను. పెద్దది అక్కర్లేదు. అక్షరాలు చదవాలంటే బండి దిగాల్సినంత చిన్నదైతే చాలు.

తొందరను చట్టంతో కట్టెయ్యొచ్చా అని అడుగుతారు. తిరుమలలో కట్టేశారు. ఘాట్ రోడ్డు మొదట్లో టైము వేసిన చీటీ ఇస్తారు. పైకి పోవడానికి కనీసం 28 నిమిషాలు, కిందికి దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందే చేరితే జరిమానా. ఆ నియమం పెట్టినప్పుడు కూడా ఎవరో ఒకరు గొణిగే ఉంటారు. ఇవాళ ఎవరూ దాన్ని వింతగా చూడరు. అదే చీటీ మన్ననూరులో ఇచ్చి దోమలపెంటలో చూస్తే ఏం పోతుంది? రెండు చోట్లా చెక్‌పోస్టులున్నాయి, మనుషులున్నారు. అవతలి ఒడ్డున సున్నిపెంట ఘాటుకు కూడా ఆంధ్రప్రదేశ్ వాళ్లు అదే పెట్టుకోవచ్చు. తొందరపడి లాభం లేదని తెలిశాక జనం తొందరపడరు. ఎట్లాగూ మిగిలిన టైమే గదా అని గణపతి దగ్గర దిగుతారు.

ఇక ఆర్టీసీ సంగతి. ఇది నా ఇల్లు, కాబట్టి గట్టిగానే చెబుతాను. మా రోజుల్లో డ్రైవరు దయ మీద నడిచిన హాల్టు ఇప్పుడు ఆ మాత్రం కూడా లేదు. డ్రైవర్లను అనలేం. టైమ్‌టేబుల్లో లేని చోట ఆపి లేటయితే సంజాయిషీ చెప్పాల్సింది వాళ్లు. పై అధికారులు ఒక్క గీత గీస్తే పోయే సమస్య ఇది. రోజూ చాయ్ హోటళ్ల దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు ఆపుతున్నాం. సమోసాకున్న హాల్టు సాక్షికి లేకపోవడమేమిటి? ఆడవాళ్లకు టికెట్ లేని మహాలక్ష్మి పథకం వచ్చాక మన పల్లెల ఆడవాళ్లు బస్సుల్లో ఎంతగా తిరుగుతున్నారో చూస్తున్నాం. రాష్ట్రం దాటాక టికెట్ కొనుక్కుని మరీ మల్లన్న దగ్గరికి పోతున్నారు. వాళ్లకు కారుండదు. రెండు కిలోమీటర్లు వెనక్కి ఆటోలో రావాలంటే డబ్బు, టైము రెండూ కావాలి. పేరు చెప్పుకోవాలన్న కోరిక ఎక్కువున్నవాళ్లకే ఆ వీలు తక్కువైంది.

శివరాత్రి బ్రహ్మోత్సవాల రోజుల్లో ఇది కుదరదని నాకు తెలుసు. ఆ వారం ఘాట్ మీద ఒక్క బస్సు ఆగితే వెనక సున్నిపెంట దాకా వరస కడుతుంది. కార్తీక సోమవారాలు కూడా కష్టమే. ఆ రోజులు వదిలెయ్యండి. మిగిలిన ఏడాదంతా కష్టమేమీ లేదు. దేవస్థానం వాళ్లు గుడి ముందు మలుపుకు కొంచెం ఇవతల రెండు బస్సులు, కొన్ని కార్లు నిలిచేంత జాగా చదును చేయించాలి. వచ్చే బండికి ఆగిన బండి అడ్డం కాకుండా గీతలు వేయించాలి. వృద్ధులు పట్టుకుని ఎక్కడానికి కమ్మీలు బిగించాలి. ఇంతకు మించి అక్కడ ఏమీ కట్టొద్దు. పెద్ద విగ్రహం అసలే వద్దు. రోడ్డు మీద పోతూ పోతూ కనిపించేటట్టు వంద అడుగుల గణపతిని నిలబెడతామని ఎవరైనా దాత ముందుకొస్తే దండం పెట్టి వెనక్కి పంపండి. ఎలివేటెడ్ కారిడార్ కట్టేదే ఖాయమైతే, కాగితాల మీద గీసేటప్పుడే ఫరహాబాద్, వటువర్లపల్లి, దోమలపెంటల్లో దిగే దారులు, ఆగే చోట్లు గీయండి. ఆ ఊళ్లలో చాయ్ అమ్ముకుని, తేనె అమ్ముకుని బతికేవాళ్లున్నారు. చెంచు పెంటల మీదుగా, వాళ్ల తల మీద నుంచి పోయే దారి వాళ్లకు దారి కాదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీల యాజమాన్యాలకు ఈ పాత కండక్టరు మనవి ఒకటే. శ్రీశైలం పోయే ప్రతి సర్వీసు టైమ్‌టేబుల్లో సాక్షి గణపతి దగ్గర పది నిమిషాల హాల్టు చేర్చండి. టికెట్ మీద కూడా అచ్చు వేయండి. అచ్చయి ఉంటే డ్రైవరు ఆపుతాడు.